తిరుపతి, చిత్తూరు నుంచి చెన్నైకి పెళ్ళి బజారు: ఏ వీధిలో ఏది, ఎప్పుడు, ఎలా కొనాలి

చెన్నైలో బజారు చేయదలచినవారు ముందుగా తెలుసుకోవలసింది, అక్కడ సరుకుకొక వీధి ఉన్నదన్న సంగతి. ప్రకటనల్లో కనబడే పెద్ద అంగళ్ళన్నీ ఒకేచోట అన్నీ దొరుకుతాయని చెబుతాయి, దొరుకుతాయి కూడా. కానీ అక్కడి కుటుంబాలు శుభలేఖలకు ఒక వీధికి, రవిక గుడ్డలకు మరో వీధికి, బంగారానికి ఇంకో వీధికి వెళతాయి. మన తిరుపతి, చిత్తూరు, పుత్తూరు, నగరి వైపు ఇళ్ళల్లో పెళ్ళి కుదిరితే 'మద్రాసు ప్రయాణం' ఒకటి తప్పనిసరి అనుకుంటారు గనుక, ఆ ప్రయాణాన్ని అక్కడివారి పద్ధతిలో ఎలా చేయాలో ఈ వ్యాసంలో వరుసగా వివరిస్తాను.

మొదట ఇంట్లో చేయవలసిన పని

ప్రయాణానికి ముందు కొనవలసిన వస్తువుల పట్టీ రాసి, దానిలో చెన్నైలో కొనకూడనివాటిని కొట్టివేయాలి. ఈ పని చాలామంది చేయరు. పంచెలు, తువ్వాళ్ళు, లుంగీలు నగరి, పుత్తూరు మగ్గాల మీద తయారవుతుండగా వాటిని అక్కడి నుంచి మోసుకురావడంలో అర్థం లేదు. తేలికైన జరీ అంచు నేత చీర కావాలంటే వెంకటగిరి ఉంది, కలంకారీకి శ్రీకాళహస్తి ఉంది, మధ్యస్థపు ధరలో పట్టు చీరలకు మదనపల్లె దగ్గరి నీరుగట్టువారిపల్లె ఉంది. పసుపు కుంకుమలు, పప్పు దినుసులు, వంటసామాను తిరుపతి చిన్నబజారు వీధిలోనో చిత్తూరు బజారు వీధిలోనో తెలిసిన అంగడిలో కొంటే, మిగిలినవి వెనక్కి ఇచ్చే వీలుంటుంది. కోయంబేడు టోకు మార్కెట్టులో కూరగాయలు చవక అన్న మాట నిజమే గాని, అక్కడ అమ్మే టమాటాలలో మన మదనపల్లెవి కూడా ఉంటాయని మరచిపోరాదు.

ఆ కొట్టివేత తరువాత పట్టీలో మిగిలేవి సాధారణంగా ఇవి: శుభలేఖలు, బంధువులకు పెట్టే రవిక గుడ్డలు, టోకున తీసుకునే పెట్టుబడి చీరలు, తాంబూలపు సంచులు, అతిథులకిచ్చే చిన్న కానుకలు, గిల్టు నగలు, బంగారం, సారె పాత్రలు, ముహూర్తపు పట్టుచీర. వీటిలో మొదటి ఆరింటికీ హైకోర్టు దగ్గరి పాత టోకు బజారైన జార్జిటౌను, పాత్రలకు త్యాగరాయనగరం (టి.నగర్), బంగారానికి ఈ రెండింటిలో ఏదైనా సరిపోతుంది. ముహూర్తపు చీరకు మాత్రం కంచి వెళ్ళడమే మేలని నా అభిప్రాయం. దాని సంగతి తరువాత చెబుతాను.

పట్టీలో ప్రతి వస్తువుకూ ఎదురుగా ఎన్ని కావాలో, ఒక్కొక్కటి ఎంతకు మించకూడదో రాసుకోండి. టోకు వీధులలో మొదటి ప్రశ్న ధర గురించి ఉండదు, 'ఎన్ని కావాలి' అనే అడుగుతారు. ఆ ప్రశ్నకు తడుముకున్నవారికి చిల్లర ధరే చెబుతారు.

రోజును, వేళను ఎంచుకోవడం

జార్జిటౌను టోకు అంగళ్ళు ఆదివారం దాదాపుగా అన్నీ మూసి ఉంటాయి. త్యాగరాయనగరం అందుకు భిన్నంగా ఆదివారమే కిక్కిరిసి ఉంటుంది. ఈ రెండు కారణాల చేతా ఆదివారం ప్రయాణం రెండు విధాల నష్టం. మంగళ, బుధ, గురువారాలలో ఏదో ఒకటి ఎంచుకోవడం మంచిది.

నెల విషయానికి వస్తే తమిళుల ఆడి మాసం మనకు కలిసివచ్చే కాలం. అది సౌరమానం ప్రకారం జూలై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు సాగుతుంది. ఆ మాసంలో వారు శుభకార్యాలు పెట్టుకోరు కాబట్టి బట్టల అంగళ్ళన్నీ తగ్గింపు ధరలు ప్రకటిస్తాయి. మనకు చాంద్రమానం గనుక చాలా సంవత్సరాలలో వారి ఆడి ముగియకముందే మన శ్రావణం మొదలవుతుంది. అంటే శ్రావణ ముహూర్తాలకు బట్టలు కొనే మనవారు, వారి గిరాకీ లేని వారాలను వాడుకోవచ్చు. దీపావళికి ముందరి రెండు వారాలు మాత్రం అటు తిరిగి చూడకపోవడం ఉత్తమం. త్యాగరాయనగరంలో జనాన్ని కనిపెట్టి చూడడానికి పోలీసులు ప్రత్యేకంగా కావలి గోపురాలు కడతారంటే ఆ రద్దీ ఎంతటిదో ఊహించుకోవచ్చు. బంగారం కొనేవారికి అక్షయ తృతీయ కూడా అటువంటిదే.

తిరుపతి నుంచి ఉదయం బయలుదేరి సాయంత్రం చెన్నై సెంట్రల్ నుంచి తిరిగి వచ్చే గరుడాద్రి ఎక్స్‌ప్రెస్ ఒక్కరోజు ప్రయాణానికి అనువైనది. సప్తగిరి దానికి ఎదురుదిశలో నడిచే బండి, చెన్నైవారు స్వామి దర్శనానికి వచ్చిపోయేందుకు వీలైన వేళలు దానివి. బస్సులో వెళ్ళేవారు తాము ఎక్కిన బండి చెన్నైలో ఎక్కడ ఆగుతుందో టికెట్టు తీసుకునేటప్పుడే అడగాలి. ఆంధ్ర వైపు బస్సుల కోసం 2018లో మాధవరంలో ప్రత్యేక బస్టాండు తెరిచారు, అక్కడి నుంచి బజారు వీధులకు మళ్ళీ ఒక ప్రయాణం ఉంటుంది. చిత్తూరువారికి కాట్పాడి వెళ్ళి రైలెక్కడం గాని, రాణిపేట మీదుగా రోడ్డున పోవడం గాని సులువు. రోడ్డున పోయేటట్లయితే కంచి దారికి దగ్గరలోనే ఉంటుంది.

ఒకే రోజులో జార్జిటౌను, త్యాగరాయనగరం రెండూ చూడాలనుకోవద్దు. రెండింటికీ వెళ్ళిన బృందాలు సాధారణంగా రెండోచోట అలసటతో, బండి వేళ దాటిపోతుందన్న కంగారుతో, ఎదురుగా కనబడినది కొని వస్తాయి.

జార్జిటౌనులో నడిచే దారి

ఈ ప్రాంతానికి వెన్నెముక ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డు. దాని తూర్పు కొనలో హైకోర్టు, ప్యారీస్ కార్నర్ ఉంటాయి, పడమటి వైపు మింట్ స్ట్రీట్, సౌకార్‌పేట ఉంటాయి. బ్రాడ్‌వే అని అందరూ పిలిచే రోడ్డుకు మన టంగుటూరి ప్రకాశం పేరే పెట్టారు. సరుకుల వీధులలో చాలా భాగం బోస్ రోడ్డు నుంచి ఉత్తరానికి చీలిపోతాయి.

సెంట్రల్‌లో దిగి అక్కడి మెట్రోలో ఒకే ఒక్క స్టేషను వెళితే హైకోర్టు వస్తుంది. అక్కడి నుంచి తూర్పు నుంచి పడమరకు నడుచుకుంటూ పోతే, రోజు ముగిసే వేళకు మీరు మింట్ స్ట్రీట్‌లో, అంటే తిరిగి సెంట్రల్‌కు చేరువలో ఉంటారు. చేతిలో సంచులతో వెనక్కి నడిచే శ్రమ తప్పుతుంది. అంగళ్ళు తెరిచేసరికి పది దాటుతుంది, పదిన్నరకు పని మొదలుపెట్టడం సరైన వేళ. కారు తీసుకెళ్ళినవారు దానిని ఈ వీధులలోకి తేకూడదు. తోపుడుబండ్లు, మూటల మనుషులు, మోటారు సైకిళ్ళు కలిసి నడిచే సందులవి.

మొదట ఆండర్సన్ వీధి. కాగితపు వ్యాపారానికీ శుభలేఖలకూ పేరుపొందిన వీధి ఇది. నమూనాలు అంగడి అంగడికీ గోడ నిండా ఉంటాయి కనుక రెండు మూడు చోట్ల చూసి తేల్చుకోవాలి. ఇక్కడ నా సలహా ఒకటే: ఖాళీ కార్డులు, కవర్లు అక్కడ కొని, అచ్చు మాత్రం తిరుపతిలోనో చిత్తూరులోనో వేయించండి. తెలుగు రాని చేతులు అక్షరాలు కూర్చినప్పుడు ఒత్తులు, దీర్ఘాలు తారుమారవుతాయి, ఇంటిపేర్లు మరీ ముఖ్యంగా. ప్రూఫు చూసి సరిదిద్దడానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళేంత దగ్గర కాదు చెన్నై. అక్కడే అచ్చు వేయించవలసి వస్తే, ఇంటివద్ద తెలుగులో టైపు చేయించిన పూర్తి ప్రతిని పీడీఎఫ్‌గా తీసుకెళ్ళి, దానిని ఉన్నదున్నట్లు అచ్చు వేయమనాలి.

తరువాత గోడౌన్ వీధి. బట్టల టోకు వ్యాపారమంతా ఇక్కడే. చొక్కా గుడ్డలు, ప్యాంటు గుడ్డలు, పంచెలు, రవిక గుడ్డలు, రోజువారీ చీరలు థానులుగా, కట్టలుగా అమ్ముతారు. కొన్ని అంగళ్ళు వ్యాపారులకు తప్ప ఇతరులకు అమ్మవు, మరికొన్ని పెళ్ళి కొనుగోలు అంటే సంతోషంగా చూపిస్తాయి. లోపలికి వెళ్ళగానే 'పెళ్ళికి వంద రవిక గుడ్డలు కావాలి' అన్నట్లు స్పష్టంగా చెబితే, ఏ అంగడో అర నిమిషంలో తేలిపోతుంది. చీరలు సాధారణంగా ఒకే రకంలో వేర్వేరు రంగుల సెట్టుగా ఇస్తారు, దానిలో నచ్చని రంగును తీసివేయనివ్వరు. పది చీరల సెట్టులో రెండు రంగులు ఎవరికీ పనికిరానివైతే, ఆ రెండింటి ధరను మిగిలిన ఎనిమిదింటి మీద వేసి లెక్కచూసుకున్న తరువాతనే చవకో కాదో తేల్చాలి. రవిక గుడ్డ 80 సెంటీమీటర్లా, మీటరా అన్నది అడిగి, ఒక ముక్కను విప్పించి కొలిచి చూడండి. ఈ తేడాను చూడకుండా రెండు అంగళ్ళ ధరలు పోల్చడం వృథా.

గోవిందప్ప నాయకన్ వీధి, కొత్వాల్ చావడి పక్కపక్కనే ఉంటాయి. 1996లో కోయంబేడు మార్కెట్టు తెరిచేవరకు నగరానికంతటికీ కూరగాయలు కొత్వాల్ చావడి నుంచే వెళ్ళేవి. ఆ స్థలం కన్యకా పరమేశ్వరీ దేవస్థానానిది. ఈ చుట్టుపక్కల తెలుగు వైశ్య కుటుంబాలు తరతరాలుగా వ్యాపారం చేస్తున్నందున మన భాషలో బేరం సాగే వీధులు ఇక్కడ ఎక్కువ. తెలుగు తెలియనిచోట చిత్తూరువారికి ఎలాగూ అరవం వచ్చు, సౌకార్‌పేట గుజరాతీ, మార్వాడీ అంగళ్ళలో హిందీ నడుస్తుంది.

నారాయణ మొదలి వీధిలో తాంబూలపు సంచులు, అలంకరణ సామాను, బొమ్మలు, అతిథులకిచ్చే చిన్న వస్తువులు దొరుకుతాయి. వీటిని డజను లెక్కన చెబుతారు. ఒక మాదిరి చూపించి మరో రకం మూటలో పెట్టే ప్రమాదం ఇటువంటి చిన్న వస్తువులలోనే ఎక్కువ, కాబట్టి మీ ఎదుటే లెక్కబెట్టించాలి. చివరకు మింట్ స్ట్రీట్, దాని పక్క సందులలో గిల్టు నగలు, గాజులు, జరీ లేసులు, వెండి సామాను ఉంటాయి. వెండి కొంటే ఎంత శాతం వెండి అన్నది బిల్లుపై రాయించుకోవాలి. మధ్యాహ్న భోజనాన్ని వాయిదా వేసి వచ్చినవారు ఇక్కడే మురుకు శాండ్‌విచ్ అనే విచిత్ర పదార్థాన్ని తినవచ్చు. రెండు మురుకుల మధ్య కూరగాయ ముక్కలు, చట్నీ పెట్టి ఇస్తారు. ఉత్తరాది వ్యాపారులు, దక్షిణాది పిండివంట కలిసి ఒకే వీధిలో కాపురం పెడితే పుట్టిన తిండి అది.

సముద్రం వైపున్న బర్మా బజారును 1960ల చివర బర్మా నుంచి తిరిగి వచ్చినవారి కోసం ఏర్పాటు చేశారు. పెళ్ళి బజారుకు అక్కడ పనిలేదు. వారంటీ లేని వస్తువులు కొనే అలవాటు ఉన్నవారు వేరే రోజు వెళ్ళవచ్చు.

బంగారం

జార్జిటౌనులో బోస్ రోడ్డు, త్యాగరాయనగరంలో ఉస్మాన్ రోడ్డు బంగారపు అంగళ్ళకు నెలవులు. ఏ రోజుకారోజు బంగారం ధర నగరమంతా దాదాపు ఒకటే గనుక, అంగడికీ అంగడికీ తేడా వచ్చేది తరుగులోనూ (నగ చేయడంలో పోయే బంగారం పేరిట వేసేది), మజూరీలోనూ (పనివారి కూలి) మాత్రమే. అక్కడ పవును అంటే ఎనిమిది గ్రాములు. మూడు పవున్ల గొలుసు, అంటే 24 గ్రాములు, ఒకచోట పది శాతం తరుగుకూ మరోచోట పద్నాలుగు శాతానికీ చెప్పారనుకోండి. మొదటిచోట 2.4 గ్రాములకు, రెండవచోట 3.36 గ్రాములకు అదనంగా డబ్బు కడతారు. దాదాపు ఒక గ్రాము తేడా ఆ ఒక్క గొలుసులోనే వస్తుంది. అందువల్ల అడగవలసిన మొదటి ప్రశ్న తరుగు ఎంత, మజూరీ వేరుగా ఉందా అన్నది. అంగడివారు తగ్గించగలిగేది కూడా దీనినే. మొత్తం విలువపై మూడు శాతం జీఎస్టీ ఎక్కడైనా తప్పదు, 'బిల్లు లేకుండా ఇస్తాం' అన్న చోటు నుంచి లేచి రావాలి.

నగపై బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, 22కె 916 వంటి స్వచ్ఛత అంకె, ఒక్కో నగకు విడిగా ఇచ్చే ఆరు అక్షరాంకాల హెచ్‌యూఐడీ సంఖ్య ఉండాలి. ఈ సంఖ్య లేని హాల్‌మార్కు నగలను 2023 ఏప్రిల్ 1 నుంచి అమ్మరాదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్యను కొట్టి చూస్తే, నగ రకం, స్వచ్ఛత తెలుస్తాయి. అంగడిలో కూర్చునే చూడండి, ఎవరూ తప్పుపట్టరు. రాళ్ళ నగలైతే రాళ్ళ బరువును తీసివేసి నికర బంగారపు బరువును బిల్లులో వేరుగా చూపమనాలి.

డబ్బు ఏర్పాటు ముందే చూసుకోవాలి. రెండు లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం అమ్మేవారికి చట్టరీత్యా నిషిద్ధం. రెండు లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ కార్డు అడుగుతారు. యూపీఐలో రోజువారీ పరిమితి ఉంటుంది గనుక ఇద్దరు ముగ్గురి ఫోన్లు, ఒక డెబిట్ కార్డు ఉంటే ఇబ్బంది రాదు. ఇటు గాని అటు గాని ఎన్నికల నియమావళి అమలులో ఉన్న రోజులలో యాభై వేలకు మించిన నగదుతో రాష్ట్ర సరిహద్దు దాటితే, ఆధారాలు చూపలేనప్పుడు తనిఖీలో ఆ డబ్బు నిలిచిపోతుంది. బ్యాంకు నుంచి తీసిన చీటీ, శుభలేఖ వెంట పెట్టుకోండి.

త్యాగరాయనగరం

సెంట్రల్ ఎదుటి పార్క్ స్టేషనులో తాంబరం వైపు లోకల్ రైలెక్కితే ఐదవ స్టేషను మాంబళం. అక్కడ దిగితే రంగనాథన్ వీధి మొదటిలో ఉంటారు. స్టేషను నుంచి బస్టాండు వరకు 2023లో ఆకాశ నడవ (స్కైవాక్) కట్టారు కాబట్టి, ఉస్మాన్ రోడ్డు వైపు పోదలచినవారు కింది రద్దీలో చిక్కుకోనవసరం లేదు. పిల్లల బట్టలు, రోజువారీ దుస్తులు, పెట్టెలు, పాత్రలు రంగనాథన్ వీధి ప్రత్యేకత. స్టీలు పాత్రలను బరువు లెక్కన అమ్ముతారు, అందువల్ల మందం ఎక్కువైన కొద్దీ ధర పెరుగుతుంది. సారెలో పెట్టి అటకెక్కే పాత్రలకు మందం అక్కరలేదు, రోజూ వాడే వంట గిన్నెలకు మాత్రం అడుగు మందంగా ఉన్నవే తీసుకోవాలి.

పాండీ బజారు నడకదారి మీద రవికలకు జోడు గుడ్డలు, జడ సామాను, చెప్పులు చూసుకోవచ్చు. జోడు గుడ్డ కోసం చీరను వెంట తీసుకువెళ్ళండి, ఫోనులో తీసిన బొమ్మతో రంగు కలవదు. ఇక్కడికి పనిదినాన ఉదయం వెళ్ళి, సాయంత్రం ఐదు కాకముందే ముగించాలి.

పనగల్ పార్కు దగ్గర కాసేపు కూర్చోదలచిన శ్రీకాళహస్తివారు, ఆ పేరు కాళహస్తిలో పుట్టి 1921 నుంచి 1926 వరకు మద్రాసు రాష్ట్రపు ప్రథమ మంత్రిగా ఉన్న పానగంటి రామరాయనింగారిదని గుర్తుచేసుకోవచ్చు. ఆ పేటకే పేరు ఇచ్చిన పిట్టి త్యాగరాయ చెట్టి కూడా తెలుగువాడే.

ముహూర్తపు చీరకు కంచి

పనగల్ పార్కు ఎదుట 1928 నుంచి ఉన్న నల్లి మొదలుకొని ఎన్నో పట్టు అంగళ్ళు ఉండగా కంచి ఎందుకన్న ప్రశ్న రావచ్చు. చెన్నైలో రకాలు ఎక్కువ, కంచిలో నేతను గురించి చెప్పగలిగేవారు ఎక్కువ. పైగా సహకార సంఘాల అంగళ్ళలో ధర చీటీ మీదే ఉంటుంది. తిరుపతి నుంచి నేరుగా బస్సులున్నాయి, చిత్తూరువారికి అది దారికి దగ్గరలోని ఊరే.

చీరను చూసేటప్పుడు మూడు సంగతులు గమనించాలి. సిల్క్ మార్క్ చీటీ పట్టు స్వచ్ఛతకే హామీ, జరీకి కాదు. జరీ సంగతి వేరుగా అడిగి బిల్లుపై రాయించాలి. వెనుకవైపు వదులుగా ఉన్న జరీ పోగును గోటితో గీకితే లోపల ఎర్రని పట్టు దారం కనిపించడం అసలు జరీ లక్షణం, తెల్లని నూలో నైలానో కనిపిస్తే అది మామూలు జరీ. మూడవది కొర్వై. అంచును, ఒంటిని వేర్వేరు నాడెలతో నేస్తూ కలిపే ఈ పద్ధతిలో రెండు రంగులు కలిసేచోట వెనుక పళ్ళలాంటి కలనేత గీత కనబడుతుంది. కొర్వై చీర నేయడానికి శ్రమ ఎక్కువ, కాబట్టి ధర ఎక్కువ. కొర్వై కాని చీర మోసమేమీ కాదు, ఆ ధరకు కొనకపోతే చాలు.

బేరం, బిల్లు, మూటలు

కాలిబాట అంగళ్ళలో బేరం తప్పదు. టోకు అంగళ్ళలో ధర తగ్గించమని పట్టుపట్టేకంటే, సంఖ్య పెంచితే ఎంతకిస్తారని అడగడం ఫలిస్తుంది. ఇద్దరు బంధువుల ఇళ్ళల్లో పెళ్ళిళ్ళు దగ్గర దగ్గరగా ఉంటే రవిక గుడ్డలు కలిసి కొనడం అందుకే లాభం. పెద్ద బట్టల అంగళ్ళలో బేరం ఉండదు, మార్పిడి గడువు ఉంటుంది. ఆ గడువు ఎన్ని రోజులు, బిల్లు మీద ముద్ర ఉందా, కత్తిరించిన గుడ్డను తీసుకుంటారా అన్నవి డబ్బు కట్టకముందే అడగాలి. ఎందుకంటే చీర మార్చడానికి మళ్ళీ రానుపోను దాదాపు మూడు వందల కిలోమీటర్లు ప్రయాణించవలసినవారు మీరు.

మూటలు బరువైతే జార్జిటౌను అంగళ్ళవారే లారీ పార్సిలు ఆఫీసుకు చేర్పిస్తారు. అడ్రసు, ఫోను నంబరు మూటపై పెద్ద అక్షరాలతో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించి, రసీదును, బిల్లు నకలును మీ దగ్గర ఉంచుకోండి. సరుకు విలువ యాభై వేలు దాటితే రాష్ట్రం దాటడానికి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) కావాలి, దానిని అంగడివారు తయారుచేసి ఇవ్వాలి. బంగారాన్ని, పట్టుచీరను, శుభలేఖ నమూనాను పార్సిలులో వేయక చేతిలోనే తెచ్చుకోవాలి. పార్సిలు తిరుపతిలో చేరగానే, ఆఫీసులోనే మూట విప్పి అంగడివారి బిల్లుతో సంఖ్య సరిచూసుకున్న తరువాతనే రసీదుపై సంతకం పెట్టండి. తగ్గినది ఏదైనా ఉంటే ఆ రసీదు మీదే రాయించండి.